దబ్బనం మళ్లీ అయస్కాంతమైంది

ఆదివారం, ఒంగోలు.
మా ఇంట్లో పొగాకు బేళ్లు కుట్టే పాత దబ్బనాలు ఉన్నాయి. పోయిన వారం ఒకదాన్ని స్పీకర్ అయస్కాంతంతో యాభై సార్లు రుద్దితే 11 గుండుసూదులు ఎత్తింది. రుద్దడం ఒకే వైపుకి, చివరిదాకా వచ్చాక పైకెత్తి మళ్లీ మొదటి నుంచి. సూదులకూ అయస్కాంత గుణం అంటుకుంటుంది కాబట్టి ప్రతిసారీ కొత్త సూదులే వాడాలి.

ఉక్కులో కంటికి కనపడని చిన్న చిన్న ప్రాంతాలుంటాయి, ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం. తలో దిక్కూ చూస్తున్నప్పుడు బలం బయటికి తెలియదు. రుద్దితే చాలా వరకు ఒకే దిక్కుకి తిరుగుతాయి.

ఈరోజు దాన్ని చెడగొట్టాను. బండ మీద ఇరవై దెబ్బలు కొడితే 6 సూదులకు దిగింది. పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, దానంతట అదే చల్లారనిస్తే సున్నా. ఇనుము 770 డిగ్రీలు దాటితే లోపలి వరస చెదిరిపోతుంది. దీన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. మళ్లీ రుద్దాను, 7 లేచాయి.

సోమవారం.
పొద్దున చూస్తే 2 మాత్రమే! నిన్న మెల్లగా చల్లారడంతో ఉక్కు మెత్తబడింది. మెత్తని ఉక్కులో తిప్పిన దిక్కు నిలవదు. మళ్లీ ఎర్రగా కాల్చి, ఈసారి చప్పున నీళ్లలో ముంచాను. గట్టిపడింది, కానీ పెళుసు. వంచితే విరుగుతుంది, కళ్లు జాగ్రత్త. రుద్దితే 10.

గురువారం.
ఇంకా 10 ఎత్తుతోంది. ఎంత సంతోషమేసిందో!

నియోడిమియం బిళ్లకి (చిన్నదైనా చాలా బలమైన అయస్కాంతం) చిన్న డబ్బా తగిలించి కొత్తపట్నం తీరపు ఇసుక పోస్తే 1,050 గ్రాముల దగ్గర ఊడింది. పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, చల్లారాక చూస్తే 820. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. స్పీకర్‌లోని నల్లటి ఫెర్రైట్ అయస్కాంతాన్ని అలాగే మరిగిస్తే చల్లారాక బలం తగ్గలేదు. నియోడిమియాన్ని మంట మీద మాత్రం పెట్టొద్దు. పైన నికెల్ పూత లేచినా, మన సముద్రపు గాలికి తొందరగా తుప్పు పడుతుంది.

ఇసుకలో నల్ల రేణువులు అయస్కాంతానికి అంటుకుంటే వదలవు, ముందే పాలిథిన్ కవరు చుట్టాలి. ఒంగోలు దగ్గరి కొణిజేడు కొండల్లోని ఇనుప ఖనిజం మాగ్నటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే రకం. వచ్చే వారం అక్కడి రాయి ముక్క ఒకటి తెచ్చి, రుద్దకుండానే సూదిని లాగుతుందేమో చూడాలి.