కుస్కోలో మొదటి రాత్రి

పెరూ ప్రయాణానికి మా మొదటి మెట్టు నారాయణగూడ. అక్కడి ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు తీసుకున్నాం. పెరూ నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఆ కార్డు లేకపోతే మన దేశంలో దిగగానే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే కార్డు చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకండి.

అంత జాగ్రత్తపడిన మేము ఎత్తు విషయంలో పొరపాటు చేశాం. లీమా సముద్రతీర నగరం. అక్కడి నుంచి గంటన్నరలోపే విమానం మమ్మల్ని 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కోలో దింపింది. సంచిలోని చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయి ఉంది. అది చూసి నవ్వుకున్నాం. సాయంత్రానికి మావారు బూటు తాడు కట్టుకోవడానికి వంగి, లేస్తూనే గోడ పట్టుకున్నారు. నాకు కణతలు పగిలిపోయేంత నొప్పి, వాంతి, రాత్రంతా నిద్ర లేదు. బస యజమానురాలు కోకా ఆకుల టీ తెచ్చి, చేయి పట్టుకుని "దెస్పాసియో, దెస్పాసియో" అంది. నెమ్మది, నెమ్మది అని. ఆమె స్వరం మా అమ్మమ్మను గుర్తుచేసింది.

మర్నాడు కుస్కోలో తిరిగే ఆలోచన మాని, వ్యానులో దాదాపు రెండు గంటలు ప్రయాణించి కింద లోయలో ఉన్న ఒయాంతాయ్‌తాంబో అనే ఊరికి దిగిపోయాం. ఎత్తు సుమారు 2,800 మీటర్లు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మేం చూడబోయే ఇన్కాల పురాతన నగరం మచూ పిచూ ఇంకా కిందే, 2,430 మీటర్లే! అందుకే గట్టిగా చెబుతున్నాను: ముందు లోయలో రెండు రాత్రులు ఉండండి, కుస్కోను చివరికి పెట్టుకోండి. ఎత్తైన ప్రదేశాల్లో ఇలా ఒంట్లో బాగోకపోవడానికి వేసుకునే మాత్రల గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

మచూ పిచూ టికెట్‌పై తేదీ, ప్రవేశ సమయం ఉంటాయి. ద్వారం దగ్గర అసలు పాస్‌పోర్టు చూపించాలి. రైలు టికెట్ ఆ ప్రవేశ సమయానికి సరిపోయేలా కొనండి.

శాకాహారులకు ఒక మాట. "కార్నె" (మాంసం) వద్దంటే చాలామంది గొడ్డుమాంసం వద్దనే అనుకుంటారు, సూపులో కోడి ముక్కలు వచ్చేస్తాయి. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" (మాంసం, కోడి, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. అలా చెప్పాకే నాకు అచ్చమైన కూరగాయల కినోవా సూపు దొరికింది. వేడివేడిగా, ప్రాణం లేచివచ్చినట్టు అనిపించింది.

బయలుదేరే రోజు మిగిలిన కోకా ఆకుల పొట్లాన్ని గదిలోనే వదిలేశాను. అక్కడ అది సంతలో అమ్మే సరుకు, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నేరం.