బ్రిజోలా 1989: ఆ 4,54,445 ఓట్లు ఎక్కడి నుంచి తేవాలి?

1989 నవంబర్ 15న బ్రెజిల్ ప్రజలు 29 ఏళ్ల తర్వాత మళ్లీ తమ అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునేందుకు ఓటేశారు. మితవాద అభ్యర్థి ఫెర్నాండో కోలోర్‌కి 30 శాతం దాటి వచ్చాయి. రెండో స్థానం దగ్గర అసలు పోటీ నడిచింది. వామపక్షం నుంచి లూలాకి 1,16,22,673 ఓట్లు, మరో వామపక్ష నేత లియోనెల్ బ్రిజోలాకి 1,11,68,228. తేడా 4,54,445. లూలా ఓటర్లలో 2,27,223 మంది ఇటు మళ్లి ఉంటే, డిసెంబర్ 17న రెండో విడతలో కోలోర్ ఎదుట నిలిచేది బ్రిజోలా.

"ఇలా జరిగి ఉంటే" కథలు రాసేవాళ్లు చాలామంది ఇక్కడ ఓట్లు మార్చేసి, తర్వాతి పేజీలో బ్రిజోలాని అధ్యక్ష పీఠం మీద కూర్చోబెడతారు. లెక్క అలా కుదరదు. రెండో విడతలో కోలోర్ 40,13,634 ఓట్ల తేడాతో గెలిచాడు. అది తిరగబడాలంటే ఇరవై లక్షల పైచిలుకు మంది మనసు మార్చుకోవాలి. బ్రిజోలాకి సొంత గడ్డ రియో గ్రాండే దో సుల్‌లో 60 శాతం పైన, రియో డి జనీరోలో సగం పైన వచ్చాయి. దేశంలో అత్యధిక ఓటర్లున్న సావో పాలోలో మాత్రం రెండు శాతం కూడా రాలేదు. అక్కడే ఎదిగిన కార్మిక నాయకుడు లూలా కూడా రెండో విడతలో సావో పాలోని కోలోర్‌కి వదులుకున్నాడు. అలాంటి చోట బ్రిజోలా ఎలా నెగ్గుతాడు?

వామపక్ష ఓట్లన్నీ ఒకే సంచిలో ఉంటాయనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. నిజంగా జరిగిన రెండో విడతలో బ్రిజోలా లూలాకి మద్దతు ప్రకటించాక, ఆయన రెండు కోటల్లోనూ ఓట్లు పెద్ద ఎత్తున లూలాకి పడ్డాయి. ఆ బదిలీ అటు నుంచి ఇటు కూడా అంతే సాఫీగా సాగుతుందని అనుకోకూడదు. సావో పాలో శివారు ఫ్యాక్టరీల్లో సమ్మెలు చేసిన కొత్త తరం, మాజీ అధ్యక్షుడు వర్గాస్ కాలం నాటి కార్మిక చట్టాన్నీ ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండే యూనియన్లనీ సంకెళ్లుగానే చూసింది. బ్రిజోలా ఆ వర్గాస్ రాజకీయ వారసుడు.

కాబట్టి చరిత్రని 1989లో కాకుండా 1980లో మలుపు తిప్పాలి. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన బ్రిజోలా తన పాత పార్టీ పీటీబీ (వర్గాస్ నాటి కార్మిక పార్టీ) పేరు కోసం పోరాడితే, ఎన్నికల ట్రైబ్యునల్ ఆ పేరుని ఇవెట్ వర్గాస్ అనే నాయకురాలి వర్గానికి ఇచ్చింది. ఆయన పీడీటీ అని కొత్త పార్టీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తీర్పు మరోలా వచ్చి ఉంటే సావో పాలోలో పాత పీటీబీ వాళ్లు కొందరైనా ఆయన వెంట ఉండేవారు. అక్కడ మూడు శాతం పెరిగితే మొదటి విడత తేడా దాదాపు పూడిపోతుంది. కానీ దీంతో లూలా పార్టీ పీటీ పుట్టకుండా పోతుందని రాస్తే మాత్రం కథ చెడుతుంది. అది 1980 ఫిబ్రవరిలోనే, ఆ తీర్పుకి ముందే, సమ్మెల లోంచి పుట్టింది.

ఇంత చేసినా బ్రిజోలా డిసెంబర్‌లో ఓడిపోతాడనే నా అంచనా. గెలిపించి తీరాలనుకుంటే తేదీలు సరిచూసుకోండి: ప్రమాణ స్వీకారం 1990 మార్చి 15న, జనవరి 1న కాదు. పదవీకాలం ఐదేళ్లు, వెంటనే రెండోసారి పోటీ లేదు. ఓటింగ్ కాగితం బ్యాలెట్లతో, యంత్రాలు 1996లో గానీ రాలేదు. ఉపాధ్యక్షుడు ఫెర్నాండో లీరా. అన్నిటికంటే కష్టం కాంగ్రెస్‌తో. 1986లో ఎన్నికైన 487 మంది డిప్యూటీల్లో పీడీటీ వాళ్లు 24 మంది, పీటీ వాళ్లు 16 మంది. 1991 ఆరంభం దాకా ఆ సభే ఉంటుంది. అధ్యక్షుడి తాత్కాలిక ఉత్తర్వు అప్పట్లో 30 రోజుల్లో ఆమోదం పొందకపోతే రద్దయ్యేది. నెలకి 80 శాతం దాటిన ద్రవ్యోల్బణం మధ్య, విదేశీ అప్పుల మీద ఆయన చేసిన వాగ్దానాలు ఈ గోడకే కొట్టుకుంటాయి.

నాకు ఓటమి కథే ఎక్కువ ఆసక్తి. నిజ చరిత్రలో బ్రిజోలా 1990లో రియో గవర్నర్‌గా గెలిచి, కేంద్రం డబ్బు అవసరమై కోలోర్‌కి దగ్గరయ్యాడు. తాను మొదలుపెట్టిన రోజంతా నడిచే బడుల నమూనాని కోలోర్ దేశవ్యాప్తంగా తీసుకోవడం ఆ బంధాన్ని బిగించింది. అభిశంసన గాలి లేచినప్పుడు ఆయన ఆలస్యంగా కదిలాడు. 1992 సెప్టెంబర్ 29న దిగువ సభ 441 ఓట్లతో కోలోర్ మీద విచారణకి అనుమతించేసరికి వీధులన్నీ పీటీ జెండాలతో నిండి ఉన్నాయి. 1994లో బ్రిజోలాకి దక్కింది 3 శాతం చిల్లర, ఐదో స్థానం.

మన కథలోనైతే రెండో విడతలో ఓడిన బ్రిజోలా జాతీయ ప్రతిపక్ష నేత అవుతాడు. అప్పుడు ఆయన రియో గవర్నర్ పదవి జోలికి పోకపోవచ్చు, కోలోర్ మీద మొదటి రాయి ఆయనే వేయొచ్చు. లూలా మాత్రం మూడో స్థానంలో ఆగి, 1990లో సావో పాలో గవర్నర్ పదవికి పోటీ చేయాలా వద్దా అని తేల్చుకోవాలి. 1982లో ఆ పదవికే నిలబడి నాలుగో స్థానంలో మిగిలాడు. ఈసారి చేతిలో కోటి ఓట్లున్నాయి. కథలో ఎక్కువ పేజీలు ఆ నిర్ణయానికే ఇవ్వాలి.