డ్రెయిన్‌తో ఇంటికి వచ్చిన తరువాత

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, గాయంలో ఊరే నీటిని చివరనున్న బల్బులోకి లాగే గొట్టం, అంటే డ్రెయిన్, తీయకుండానే నన్ను డిశ్చార్జి చేస్తామన్నప్పుడు మా ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. సర్జన్‌గారు చెప్పిన కారణం సబబైనదే. చంకలోని లింఫు గ్రంథులు తీసినచోట నీరు ఊరడం తగ్గడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. అన్నాళ్ళూ వార్డులో ఉంటే ఖర్చూ, ఇన్ఫెక్షన్ భయమూ పెరుగుతాయే తప్ప గాయం త్వరగా మానదు. అయితే తెలిసిన చెయ్యి ఒకటి ఇంటికి వచ్చి చూసినప్పుడే ఆ మాట నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

మా ఇంటికి వచ్చిన సిస్టర్ రోజూ ఉదయం ఒకే వేళకు వచ్చి, చేతులు కడుక్కుని, గొట్టాన్ని పైనుంచి కిందికి వేళ్ళతో నొక్కుతూ లోపలి గడ్డలను జార్చి, బల్బులో చేరిన నీటిని కొలిచి నోటుపుస్తకంలో రాసేవారు. బల్బును గాలి లేకుండా అదిమిపట్టి మూత బిగిస్తేనే అది నీటిని లాగుతుందని మా అమ్మాయి చేత చేయించి మరీ నేర్పారు. ఎర్రగా వచ్చే నీరు పలచబడి లేత పసుపుకు తిరిగింది. కొలత రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగి నిలిచాక డ్రెయిన్ తీశారు. నీరు మళ్ళీ ఎర్రబడినా, గాయం చుట్టూ వేడిగా ఉన్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయమని ఆమె మొదటి రోజే చెప్పారు.

పప్పు తింటే చీము పడుతుందని మా అత్తగారి పట్టుదల. “మామ్మగారూ, గాయం పూడాలంటే కండ పట్టే తిండి కావాలండీ, పప్పూ గుడ్డూ పెట్టండి” అని సిస్టర్ అన్న రోజు నుంచీ నా కంచంలోకి పప్పు వచ్చింది. అదే మాట డాక్టరుగారి కాగితంలోనూ ఉంది కానీ, కళ్ళముందు కట్టు మార్చిన మనిషి చెబితేనే ఆమెకు గురి కుదిరింది.

డ్రెయిన్ ఉన్నన్నాళ్ళూ చెయ్యి భుజం ఎత్తు దాటనివ్వలేదు. తీశాక గోడ మీద వేళ్ళు పాకించమని, అందినచోటల్లా పెన్సిలుతో గీత గీసేవారు.

ఇంత సేవకు డబ్బు పెట్టలేనివారి సంగతే నన్ను బాధిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 వరకు ఇచ్చేలా పెట్టిన పథకం. అది పోయిన కూలికి ఆసరా. గాయాన్ని చూసే మనిషి వేరే కావాలి. పల్లెల ఆరోగ్య కేంద్రాల్లో నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు) ఇప్పటికే ఉన్నారు. డిశ్చార్జి రోజునే ఆసుపత్రి ఈ ఎంఎల్‌హెచ్‌పీలకు కబురు చేసి, రోగి వివరాలు అప్పగించే ఏర్పాటు ఉండాలి.