స్క్వాడ్ లేదా అన్నా?

మొన్న కావలి నుంచి మా పిన్ని కొడుకొచ్చాడు, నేను విచర్ 3 (ఒక్కడే ఆడుకునే కథ గేమ్) ఆడతా ఉంటే పక్కన కూర్చోని "ఏందన్నా, ఒక్కడివే గుర్రమేసుకోని తిరగతా ఉండావు, స్క్వాడ్ లేదా?" అన్నాడు. వాడికి గేమంటే నలుగురు స్క్వాడ్ కట్టి ఫోన్లో కాల్చుకునే బీజీఎంఐనే (పబ్జీకి ఇండియా వెర్షన్), 2020లో పబ్జీ బ్యాన్ చేసినప్పుడు రెండ్రోజులు సరిగ్గా అన్నం కూడా తిన్లా (నవ్వకండి, నిజం). కంపెనీలకీ వాడి గేమే ఇష్టం, నా గేమ్ ఒకసారి కొంటే అయిపాయ, వాడి గేమ్ ఫ్రీ అంటానే స్కిన్లనీ (బొమ్మకేసే డ్రెస్సులు) సీజన్ పాస్ అనీ నెలనెలా గుంజతా ఉంటది. అయినా 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే కథ గేమ్‌కి గేమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చిందిగా, కథలు పూర్తిగా చావలేదబ్బా. వాడు పొయ్యాక రాత్రి ఒంటిగంటకి నా గేమ్ కథ గురించే మెసేజ్: "అన్నా, ఆ బ్యారన్ పెళ్ళాం దొరికిందా?"