పిక్కల నొప్పితో వచ్చిన జ్వరం

మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కి టమోటా లోడు తోలుతాను. మొగిలి ఘాటు దిగి, చిత్తూరు, రాణిపేట మీదుగా తెల్లవారకముందే చేరాలి. ఆలస్యమైతే రేటు పడిపోయి రైతు నష్టపోతాడు. అందుకే వానని బండి ఆపేది ఉండదు.

చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ రోజుల్లో మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలు, కాలువ నీళ్లు కలిసిపోతాయి. హమాలీలు క్రేట్లు దింపేదాకా ఆ నీళ్లలోనే నిలబడ్డాను. చెప్పు కరిచి కాలికి పుండు ఉండింది.

తర్వాతి వారం దాటాక చలిజ్వరం పట్టుకుంది. దారిలో ఒక క్లినిక్‌లో చూపిస్తే వైరల్ ఫీవర్ అన్నారు, ఇంజెక్షన్ వేసి పంపారు. ఏం పని చేస్తావని అడగలేదు. జ్వరం కన్నా పిక్కలు ఎక్కువ బాధపెట్టాయి. ముట్టుకుంటే ప్రాణం పోయేది, క్లచ్ తొక్కలేకపోయాను. కళ్లు నిప్పుల్లా ఎర్రబడ్డాయి, కానీ పుసి లేదు. ఆ మీదట మూత్రం రావడమే తగ్గిపోయింది.

"మామా, కళ్లు పచ్చబడినాయి. ఇంక బండి ముట్టుకోవద్దు" అన్నాడు మా క్లీనర్, అక్క కొడుకు. వాడే ఆటోలో ఎక్కించి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ ఏమో అనుకున్నారు. ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం తెలుగులో "అన్నా, ఏం పని చేస్తావు? నీళ్లలో దిగినావా?" అని అడిగింది. పిక్క నొక్కి చూసింది, పుండు చూసింది. రక్తపరీక్షలో ఎలుక జ్వరమని తేలింది. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి పుండ్లలో గుండా, కళ్లలో గుండా ఆ క్రిమి ఒంట్లోకి పోతుందట. ముదిరితే లివర్, కిడ్నీలు దెబ్బతింటాయి. నాకు అప్పటికే ముదిరింది.

నరానికి పెన్సిలిన్ ఎక్కించారు, డయాలసిస్ చేశారు. మా ఇంటామె మదనపల్లె నుంచి వచ్చి మంచం పక్కనే కూర్చుంది. నేను పోసిన మూత్రం కొలిచి కాగితం మీద రాసేది ఆమే. ఆ అంకె కొంచెం పెరిగినా నర్సమ్మకు పరుగున పోయి చూపించేది. మా పెళ్లయినాక ఆమె అంత సంతోషపడింది ఎప్పుడూ చూడలేదు. తర్వాత డయాలసిస్ ఆపేశారు.

ఇంటికొచ్చినా చాలా రోజులు నీరసం వదల్లేదు. బాడుగలు పోయాయి, బండి కంతుకు బామ్మర్ది సర్దాడు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తంలో చూపించే క్రియాటినిన్ మామూలుకొచ్చిందని డాక్టరు చెప్పాకే మళ్లీ స్టీరింగ్ పట్టాను.

ఇప్పుడు మోకాలి దాకా గమ్‌బూట్లు వేసుకుంటాను, పుండు ఉంటే నీళ్లలో దిగను. వానాకాలంలో వారానికోసారి వేసుకోమని డాక్టరు డాక్సీసైక్లిన్ అనే మాత్ర రాసిచ్చారు. సొంతంగా కొని వేసుకోవద్దు, అడిగే వేసుకోవాలి. జ్వరంతో పాటు పిక్కలు నొప్పి పుడితే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, ఫలానా మార్కెట్ నీళ్లలో నిలబడ్డానని. హమాలీలు చాలామంది ఇంకా ఉట్టి కాళ్లతోనే దిగుతున్నారు. వాళ్లకు బూట్లివ్వాలని, లోడు దింపేచోట నీళ్లు నిలవకుండా కాలువ తీయాలని మండీ వాళ్లను పోయిన ప్రతిసారీ అడుగుతున్నాను.