ఒకే డ్రైవర్, మూడు గడియారం చిప్‌లు: నా అనుభవం

2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు మా బోర్డు మీది గడియారం చిప్, డీఎస్1307, మాకు దొరకడం మానేసింది. మేము హైదరాబాద్‌లో వ్యవసాయ పంపుసెట్లకు డేటా లాగర్లు తయారుచేస్తాం. కరెంటు ఎప్పుడొచ్చింది, మోటారు ఎంతసేపు తిరిగింది అన్నది నిమిషాలతో సహా రాసిపెట్టడమే ఆ పెట్టె పని. టైమ్ తప్పితే లెక్కంతా తప్పే. పర్చేజ్ వాళ్లు ముందు మైక్రోచిప్ కంపెనీ ఎంసీపీ7940ఎన్ తెచ్చారు. కొన్ని నెలలకు అదీ అందక డీఎస్3231 తెచ్చారు. మూడింటినీ ఒకే లినక్స్ డ్రైవర్ (చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) నడపాలి. ఆ డ్రైవర్ బాధ్యత నాది.

ఈ చిప్‌లన్నింటికీ పనికొచ్చే డ్రైవర్ లినక్స్ మూల భాగమైన కెర్నల్‌లోనే ఉంది. మా దగ్గరున్నది దాని పాత కాపీ. డీఎస్1307కి అవసరం లేనిదంతా కోసేసి, మా లాగర్ పనులు అందులో కలిపేశారు.

పైకి చూస్తే మూడు చిప్‌లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. సెకన్ల నుంచి సంవత్సరం దాకా ఏడు రిజిస్టర్లు (చిప్ లోపల ఒక్కో బైటు పట్టే గళ్లు), అదే వరుస, ఒక్కో అంకెను విడిగా బిట్లలో రాసే అదే బీసీడీ పద్ధతి. తేడాలన్నీ మిగిలిన బిట్లలో ఉన్నాయి. డీఎస్1307లో సెకన్ల రిజిస్టర్ పై బిట్ 1 అయితే గడియారం ఆగిపోతుంది. ఎంసీపీలో అదే బిట్ 1 అయితేనే నడుస్తుంది. మా కోడ్ టైమ్ సెట్ చేసినప్పుడల్లా ఆ బిట్‌ను 0 చేసేది, అంటే కొత్త చిప్‌ను తన చేత్తోనే ఆపేసేది. ఎంసీపీలో వారం రిజిస్టర్‌లో బ్యాటరీని వాడుకోమని చెప్పే బిట్ కూడా ఉంది. వారం అంకె ఒక్కటే రాస్తే అది 0 అవుతుంది, పవర్ పోగానే టైమ్ కూడా పోతుంది.

వీటికి నేను అప్పుడు వేసిన మందు ‘ఇఫ్’. ప్రాసెసర్ చిప్‌లతో మాట్లాడే ఐ2సీ తీగల మీద ఎంసీపీ అడ్రస్ హెక్సాలో (16 అంకెల లెక్కలో) 6ఎఫ్, డీఎస్1307ది 68. అడ్రస్ 6ఎఫ్ అయితే ఇలా, కాకపోతే అలా అని ఏడు చోట్ల పెట్టాను. డెలివరీ టెన్షన్‌లో అంతకంటే ఆలోచించలేదు. తీరా చూస్తే డీఎస్3231 అడ్రస్ కూడా 68. మా డ్రైవర్ దాన్ని డీఎస్1307 అనుకుంది. టేబుల్ మీద టైమ్ చక్కగా నడిచింది, బోర్డులు వెళ్లిపోయాయి.

తర్వాత అనంతపురం వైపు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రాత్రి కరెంటు పోయి పొద్దున వస్తే, కొన్ని పెట్టెల్లో టైమ్ రాత్రి ఆగిన చోటు నుంచే నడుస్తోంది. అన్నింట్లో కాదు. నిన్న బాగున్న పెట్టె ఇవాళ తప్పుతోంది. బ్యాటరీలు మార్చాం, సోల్డరింగ్ చూశాం, ఏమీ తేలలేదు. చివరికి డీఎస్1307, డీఎస్3231 చిప్‌ల డేటాషీట్లు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుని ఒక్కో రిజిస్టరూ చదివాను.

డీఎస్1307లో హెక్సా అడ్రస్ 08 నుంచి 56 బైట్ల ర్యామ్ ఉంటుంది. మా లాగర్ అక్కడ ఎనిమిది బైట్ల రికార్డు దాచేది: ఆరు బైట్ల లెక్క, చివర, ఆ లెక్క చెడిందో లేదో పట్టిచ్చే రెండు బైట్ల చెక్‌సమ్. డీఎస్3231లో ర్యామే లేదు. అక్కడ ఉండేవి అలారం రిజిస్టర్లు, వాటి తర్వాత 0ఈ దగ్గర కంట్రోల్ రిజిస్టర్. మా చెక్‌సమ్ మొదటి బైటు సరిగ్గా దాని మీద పడుతోంది. ఆ రిజిస్టర్ పై బిట్ 1 అయితే, చిప్ బ్యాటరీ మీదికి మారగానే గడియారం ఆగుతుంది. లెక్కతో పాటు చెక్‌సమ్ మారుతుంది కాబట్టి ఆ బిట్ ఒకసారి 1, ఒకసారి 0. మెయిన్ పవర్ ఉన్నంతసేపూ గడియారం నడుస్తూనే ఉంటుంది. అందుకే టేబుల్ మీద దొరకలేదు. రికార్డు చెడితే ఫ్లాష్‌లో ఉన్న నకలు తెచ్చుకునే ఏర్పాటు ఉండడంతో అటు నుంచీ తెలియలేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్లి రెండు వారాలు అడిగాను. “ఇంకో ఇఫ్ పెడితే సరిపోదా?” అన్నారు. “సరిపోదు సార్, ఇది ఏ చిప్ అన్నదే డ్రైవర్‌కు తెలియదు” అన్నాను. ఒప్పుకున్నారు.

ముందు ఏ ప్రవర్తనా మార్చకుండా కోడ్‌ను సర్దాను. చదవడం, రాయడం అన్నీ రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లను అందుకోవడానికి కెర్నల్ ఇచ్చే ఉమ్మడి దారి) ద్వారా పోయేలా చేశాను. తర్వాత చిప్ వివరాల పట్టిక పెట్టాను, డీఎస్1307 ఒక్క వరుసతో: గడియారాన్ని ఆపే బిట్ ఎక్కడ, ఏ విలువకు నడుస్తుంది, బ్యాటరీ బిట్ ఉందా, ర్యామ్ ఎక్కడ మొదలు, ఎన్ని బైట్లు. ప్రతి చిన్న కమిట్ తర్వాతా పాత బోర్డు మీద నడిపి చూశాను. ఏది ఏ చిప్పో డివైస్ ట్రీలోని (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైల్‌లోని) కంపాటబుల్ పేరే చెప్పేలా చేసి, అప్పుడు మిగతా రెండు వరుసలు చేర్చాను. ఏడు ఇఫ్‌లూ ఒక్కొక్కటిగా పోయాయి. చిప్‌కో ఫంక్షన్ రాయాలన్న ఆశ చాలాసార్లు కలిగింది, కానీ ఈ తేడాలకు పట్టికలో అంకెలు చాలు. ఫంక్షన్లు పెరిగితే అదే తప్పును మూడు చోట్ల దిద్దాల్సి వస్తుంది. రెగ్‌మ్యాప్‌లో ఏ రిజిస్టర్లకు రాయవచ్చో కూడా చిప్ వారీగా చెప్పాను. ఇదంతా మొదటే ఉండి ఉంటే ఆ రికార్డు రాత మొదటి రోజే ఎర్రర్ ఇచ్చేది.

సాయంత్రం తొమ్మిది బోర్డులకు పవర్ తీసేసి ఇంటికి వెళ్లాను. నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే తొమ్మిదిట్లోనూ టైమ్ సరిగ్గా ఉంది.

కానీ పొలాల్లో ఉన్న పెట్టెల్లో పాత కోడ్ రాసిన బిట్ ఇంకా అలాగే ఉంటుంది, దాన్ని బ్యాటరీ కాపాడుతూనే ఉంటుంది. అందుకని డ్రైవర్ లేవగానే ఆ బిట్‌ను 0 చేసేలా పెట్టాను. గడియారం ఎప్పుడైనా ఆగి ఉంటే చిప్ స్టేటస్ రిజిస్టర్‌లో ఒక గుర్తు మిగులుతుంది. అది కనిపించిన పెట్టె, టైమ్ మళ్లీ సెట్ చేసేదాకా, తన లెక్కల పక్కన ‘టైమ్ ఖాయం కాదు’ అని రాస్తుంది.