సెలవుల్లో పిల్లల చేతికి రంగులిచ్చేయండి, నమూనా మాత్రం చూపించకండి

పండగ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మూడు నాలుగేళ్ల పిల్లలున్న వాళ్ల ఫోన్ల నిండా క్రాఫ్ట్ వీడియోలే. పిల్లాడి అరచేతికి రంగు పూసి, కాగితం మీద అద్దించి, దానికి కళ్లూ ముక్కూ అతికించేది పెద్దవాళ్లు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కానీ అందులో పిల్లాడు చేసిందేముంది? అందుకే నాకు ప్రాసెస్ ఆర్ట్ అంటే అంత ఇష్టం. చూసి వేయడానికి బొమ్మ ఉండదు, ఇలాగే రావాలన్న పట్టింపు ఉండదు, రంగుతో ఆడుకుంటూ ఏమవుతుందో చూడటమే పని.

మొదలుపెట్టడానికి ఉప్పు పెయింటింగ్‌ని మించింది లేదు. మందపాటి అట్ట మీద పిల్లలే జిగురు సీసా నొక్కుతూ ఇష్టం వచ్చినట్టు గీతలు పోస్తారు, దాని మీద ఉప్పు దండిగా చల్లి మిగిలింది దులిపేయాలి, ఆ తర్వాత నీళ్లలో పల్చగా కలిపిన రంగుని కుంచె కొనతో ఒక్కచోట తాకిస్తే చాలు, ఉప్పు ఆ నీటిని పీల్చుకుంటూ రంగుని గీత వెంట తనే లాక్కుపోతుంది. ఇటునుంచి ఎరుపు, అటునుంచి పసుపు పాకి, కలిసినచోట నారింజ. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, మళ్లీ తాకిస్తారు, మళ్లీ చూస్తారు.

తెల్ల కొవ్వొత్తితో గీసి పైన నీళ్ల రంగు వేయడం కూడా బాగుంటుంది, మైనం ఉన్నచోట రంగు అంటుకోక గీతలు బయటపడతాయి. అట్టపెట్టెలో కాగితం పరిచి, రంగులో ముంచిన గోళీలు దొర్లించొచ్చు, అయితే మూడేళ్లలోపు వాళ్లకి గోళీలు వద్దు, గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది, పెద్ద బంతి ఇవ్వండి.

రంగులు ఒకేసారి రెండు మూడుకి మించి బయటపెట్టకండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కలిస్తే చివరికి మిగిలేది మట్టిరంగే. కడిగితే పోయే రంగులు కొనండి, పాత బట్టలు వేయండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యం మన నోరు. "ఇదేం బొమ్మ?" అని అడగొద్దు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా బోధకుడు 1947లోనే పిల్లల బొమ్మల్ని దశలుగా విడదీశారు, అందులో 2 నుంచి 4 ఏళ్ల దాకా పిచ్చిగీతల దశే, పోల్చుకోగలిగే ఆకారాలు ఆ తర్వాతే మొదలవుతాయి. మరి మూడేళ్ల పాపని నక్షత్రం వేయమంటే ఎక్కణ్నుంచి వేస్తుంది? "ఇక్కడ బాగా గట్టిగా రుద్దావే", "నీలం ఈ మూలదాకా వచ్చేసిందే" అని కనబడింది చెప్పండి, వాళ్లే కబుర్లు మొదలుపెడతారు. మధ్యలో ఆపేసి వెళ్లిపోయినా వెనక్కి పిలవకండి, వాళ్ల లెక్కలో అది అయిపోయింది.

ఎండిన పెద్ద కాగితాలు బహుమతులు చుట్టడానికి భలే పనికొస్తాయి, కానీ కత్తెర పెట్టేముందు వేసినవాళ్లని అడగాలి, వద్దంటే వద్దనే. ఉప్పుతో చేసినవాటిని మాత్రం మడవొద్దు, రాలిపోతాయి. ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, అప్పటిదాకా నిలబెట్టకుండా పరిచే ఉంచండి.